ఎవరి వాడుక భాష?

చైనా పిల్లలు వందల ఏళ్లు అర్థం కాని గ్రాంథికాన్ని వల్లె వేశారు. 1905లో రాజుల కాలపు ఉద్యోగ పరీక్షలు రద్దయ్యాయి. 1920లో, ప్రాథమిక బడుల మొదటి రెండు తరగతుల వాచకాలు వాడుక భాషలో ఉండాలని ప్రభుత్వం ఆదేశించింది. మంచి సంస్కరణే. కానీ ఎవరి వాడుక? ఉత్తరాది వాళ్లది. దక్షిణాన కాంటనీస్ మాట్లాడే పిల్లలకూ, కొండల్లోని మియావో పిల్లలకూ అదీ పరాయి మాటే.

మన దగ్గర వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి, సవర పిల్లలకు సవరలోనే వాచకాలు రాశారు. మొదటి పనిని అందరూ పొగుడుతారు. రెండోదాన్ని ఎందరు తలుస్తారు?

టీచర్లారా, యువకులారా! "తెలుగు సులువు చేశాం" అంటే ఒప్పుకోకండి. ఒకటో తరగతి బిడ్డ ఇంట్లో మాట్లాడే భాష పుస్తకంలో ఏదని అడగండి.