మన మీద మనకూ దయ ఉండాలి

నాచారం పారిశ్రామికవాడలో తోటి కార్మికుడి చేతిలో పని పాడైతే మనం ఏమంటాం? "పోనీలే భాయ్, రేపు సరిచేద్దాం" అంటాం. అదే పొరపాటు మన చేతిలో జరిగితే మాత్రం "నేను దేనికీ పనికిరాను" అని రాత్రంతా కుమిలిపోతాం. పరాయివాడికి చూపే దయ మనకు మనం ఎందుకు చూపుకోలేకపోతున్నాం?

మన నగరానికి చెందిన ఆటో డ్రైవరు కుమారుడు ముహమ్మద్ సిరాజ్‌నే చూడండి. 2025 జనవరిలో ప్రకటించిన చాంపియన్స్ ట్రోఫీ జట్టులో అతనికి చోటు దక్కలేదు. మొదట ఆ బాధను దిగమింగలేకపోయానని అతనే చెప్పుకున్నాడు. అయినా కుంగిపోయి కూర్చోలేదు. శరీర దారుఢ్యం మీద, తన బౌలింగ్ మీద కష్టపడ్డాడు. ఏప్రిల్ 6న మన ఉప్పల్ స్టేడియంలోనే 17 పరుగులకు 4 వికెట్లు తీశాడు.

అంతకన్నా గట్టి పరీక్ష ఆగస్టు 3న లండన్‌లోని ఓవల్ మైదానంలో ఎదురైంది. బ్రూక్ కొట్టిన బంతిని పట్టుకున్నాడు కానీ, కాలు బౌండరీని తాకింది. అప్పటికి 19 పరుగులతో ఉన్న బ్రూక్ 111 దాకా వెళ్ళాడు. ఆ తప్పును తలచుకుంటూ ఉంటే సిరాజ్ మరునాడు బంతి వేయగలిగేవాడా? ఆ ఉదయం మిగిలిన 4 వికెట్లలో 3 అతనే తీశాడు. భారత్ 6 పరుగుల తేడాతో గెలిచింది.

తన పట్ల దయ అంటే తప్పును కప్పిపుచ్చుకోవడం కాదు. తౌబాలో కూడా తప్పును ఒప్పుకోవడం, దిద్దుకోవడం, ముందుకు సాగడం ఉన్నాయే తప్ప నిరాశకు తావు లేదు. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుతో గడుపుతున్న హజ్రత్ అబూ దర్దా (రజి)కు, దైవానికీ ఇంటివారికీ ఉన్నట్లే నీ ప్రాణానికీ నీపై హక్కు ఉందని హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) గుర్తుచేశారు. ఆ మాట నిజమేనని దైవప్రవక్త (స) సమర్థించారు.

ఈ హక్కును మన ఇళ్ళలో ఎలా చెల్లించాలి? పడుకోబోయే ముందు ఆ రోజు చేసిన ఒక మంచి పనిని తలచుకుని షుక్ర్ చెప్పుకుందాం. జరిగిన ఒక తప్పును, రేపు దాన్ని దిద్దుకునే మార్గాన్ని ఆలోచించి అంతటితో వదిలేద్దాం. లెక్కల్లో వెనుకబడిన పిల్లవాడికి ఓర్పు ఉండవచ్చు, చేతిపనిలో నేర్పు ఉండవచ్చు. ఆ బలాన్ని పేరుపెట్టి వాడికి చెబుదాం. ఇంటిల్లిపాదికీ వండిపెట్టే తల్లి ఒక పూట విశ్రాంతి తీసుకుంటే దాన్ని బద్ధకం అనకుందాం.

దిగులు వారాల తరబడి వదలకపోతే, నిద్రాహారాలు కరువైతే వైద్యుణ్ణి సంప్రదించాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. సహాయం అడగడం ఈమాన్ బలహీనత కాదు. అది మన ప్రాణానికి మనం చెల్లించవలసిన హక్కులో భాగమే.