108 బండిలోని యిద్దరు

ఆంధ్రదేశమున నే పల్లెయందైనను మనుష్యునకు ప్రాణాపాయము సంభవించినపుడు, వైద్యుని పేరు గాని ఆసుపత్రి పేరు గాని స్ఫురింపక మునుపే ఇంటివారికి 108 అను సంఖ్య స్ఫురించుచున్నది. రెండు దశాబ్దములలో ఒక సంఖ్య యింతటి విశ్వాసమును సంపాదించుట సామాన్యవిషయము కాదు. అయితే ఆ విశ్వాసమును సంపాదించినది బండియా, బండిలో వచ్చు మనుష్యులా యని విచారించువారు మాత్రము అరుదు. ఎన్ని బండ్లు కొనిరో, ఎవరు పచ్చజెండా యూపిరో మనకు తెలియును. ఆ బండిని తోలు పైలటును, వెనుక రోగి ప్రక్కన కూర్చుండు ఇ.ఎం.టి. యనబడు వైద్యసహాయకుడును ఎన్నిగంటల నుండి మేల్కొనియున్నారో, వారు ఎవరి కొలువు చేయుచున్నారో, వచ్చు సంవత్సరము ఆ కొలువు నిలుచునో ఊడునో మనకు తెలియదు. రోగి ప్రాణము ఆధారపడియున్నది ఈ రెండవ విషయముల మీదనే.

కొల్లూరు మండలమునే తీసికొందము. ఇది కృష్ణానది కుడిగట్టున నున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన గుంటూరు జిల్లానుండి విడివడి బాపట్ల జిల్లాలో చేరినది. జిల్లా మారినను జనుల దారి మారలేదు. జబ్బుచేసిన వానిని తెనాలికిని, అక్కడ కుదరనిచో గుంటూరు పెద్దాసుపత్రికిని తీసికొనిపోవుటయే ఇచ్చటివారి వాడుక. తెనాలి ఇంచుమించు 20 కిలోమీటర్లు. గుంటూరు అంతకు రెట్టింపునకు పైబడిన దూరము. 2020లో ప్రభుత్వము మండలమునకొక బండి యని నిర్ణయించి, పట్టణములలో 15 నిమిషములకు, పల్లెలలో 20 నిమిషములకు, ఏజెన్సీ ప్రాంతములలో 30 నిమిషములకు బండి చేరవలెనని గడువు ప్రకటించెను. గడువు మంచిదే. కాని ఒక రాత్రి వరిమడిలో పాముకాటు తిన్న కూలీని ఎక్కించుకొని ఆ బండి గుంటూరు పోయినదనుకొనుడు. పోవుట, రోగిని అప్పగించుట, తిరిగివచ్చుట, వీనికి రెండు మూడు గంటలు చెల్లును. ఆలోగా మరియొక యూర ప్రసవవేదన ఆరంభమైనచో భట్టిప్రోలునుండియో వేమూరునుండియో వేరొక బండి రావలసినదే. అది వచ్చుసరికి 20 నిమిషములు దాటును. గడువు వ్రాసినవారిని ఎవరును తిట్టరు. వాకిట బండి దిగిన యిద్దరు తిట్లు తిందురు. ఒక్కొక్కచోట దెబ్బలును తిందురు.

ఇక బండిలోని పనిని చూడుడు. ఆసుపత్రిలో వైద్యుడు నిలుకడగా నున్న బల్లయొద్ద, వెలుగులో, నర్సులు తోడుండగా పనిచేయును. ఇ.ఎం.టి. గుంతల దారిలో ఊగుచున్న బండిలో ఒంటరిగా పనిచేయును. శ్వాస యాడుచున్నదా, నెత్తురు కట్టినదా, నాడి యెట్లున్నది, ఆక్సిజను చాలునా యని చూచుచు, ఫోనులో వైద్యుని యడిగి మందు నిచ్చుచు, రోగి బంధువుల యేడ్పును సముదాయించుచు నుండవలెను. డెల్టా పల్లెలలో వచ్చు ఆపదలు ఒక తీరువి కావు. తాటిచెట్టు మీదినుండి పడిన గీతకార్మికుడు, ట్రాక్టరు క్రింద నలిగిన కుర్రవాడు, పురుగుమందు త్రాగిన రైతు, గుండెనొప్పితో చెమటలు పోయు వృద్ధుడు, నెలలు నిండకయే నొప్పులు వచ్చిన గర్భిణి, వీరందరును అదే స్ట్రెచరు మీదికి వత్తురు. తెనాలి చేరకముందే బండిని దారిప్రక్కన నిలిపి కాన్పు చేయవలసి వచ్చుటయు ఈ కొలువున అపురూపము కాదు. కట్లపాము కాటునకు విరుగుడు సూది ఆసుపత్రిలోనే ఉండును. బండిలోని వాడు చేయగలిగినది శ్వాస నిలుపుట, కాలము పోనీయకుండుట. ఆ కొంచెమే బ్రదుకునకును చావునకును నడుమ నుండు హద్దు.

ఆసుపత్రి చేరినంత మాత్రమున పని తీరదు. మంచము ఖాళీ లేనిచో రోగి స్ట్రెచరు మీదనే యుండును. స్ట్రెచరు రానిదే బండి కదలరాదు. దగ్గరి ప్రభుత్వాసుపత్రికి తీసికొనిపోవుట నిబంధన. తమకు తెలిసిన ప్రైవేటు ఆసుపత్రికే పోవలెనని బంధువుల పట్టు. ప్రమాదపు కేసైనచో పోలీసులకు వివరము చెప్పవలెను. నెత్తురు కడిగి, సిలిండరు మార్చి, కాగితములు నింపి కన్నుమూయబోవు లోపల మరియొక పిలుపు వచ్చును. పండ్రెండు గంటల వంతు ఈ కొలువున వాడుకయైనది. దానిని ఎనిమిది గంటలకు తగ్గింపవలెనని ఉద్యోగసంఘములు ఏండ్ల తరబడి కోరుచు వచ్చినవి. మిల్లులో మరయొద్ద నిలుచువానికి ఎనిమిది గంటల పని న్యాయమని లోకము ఒప్పుకొని శతాబ్దము కావచ్చినది. చీకటి దారిలో ప్రాణముతో పరుగెత్తు బండి తోలువానికి పండ్రెండు గంటలు ఎట్లు న్యాయమగును? నిద్రచాలని పైలటు తనకును, రోగికిని, ఎదురు వచ్చు బాటసారికిని ముప్పు.

వీరి కష్టమునకు మూలము గంటలలో మాత్రమే లేదు; కొలువు కుదిరిన తీరులో నున్నది. ఈ సేవ 2005 ఆగస్టు 15వ తేదీన ఆంధ్రప్రదేశమున ఆరంభమయ్యెను. సత్యం కంప్యూటర్సు సంస్థాపకుల కుటుంబము నెలకొల్పిన ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థ దానిని నడిపెను. ప్రభుత్వము క్రమముగా ధనభారమును వహించెను. 2009లో ఆ కుటుంబము పతనమైన పిదప నిర్వహణ జి.వి.కె. సంస్థకు పోయెను. రాష్ట్రవిభజన తరువాత 2017 చివర ఆంధ్రప్రదేశమున వేరొక సంస్థకు, 2020లో అరబిందో వారికి పోయెను. అటుపిమ్మటను మార్పు తప్పలేదు. బండి మీది సంఖ్య అదే, రోగి అతడే, దారి అదే, తోలువాడును తరచు అతడే; యజమాని మాత్రము మారుచుండును. యజమాని మారినప్పుడెల్ల పాత బకాయి యెవరిది, వెనుకటి సర్వీసు లెక్కకు వచ్చునా, భవిష్యనిధి సొమ్ము సరిగా జమపడినదా యను ప్రశ్నలు మొదటికి వచ్చును. సేవ ప్రభుత్వముది, సేవకుడు కంట్రాక్టరువాడు. కీర్తి పంచుకొనునపుడు అతడు ప్రభుత్వమువాడగును, జీతమడుగునపుడు కంపెనీవాడగును.

ఈ కాలములో మేలు జరుగలేదని మేమనము. 2020 జూలై 1వ తేదీన 108, 104 బండ్లు కలిపి 1,088 విజయవాడలో ఒక్కనాడు బయలుదేరినవి. అందు 108 కొఱకు క్రొత్తగా కొన్నవి 412. వానిలో 104 ప్రాణరక్షణ యంత్రములు పూర్తిగా గలవి, 26 పసికందుల కొఱకు ప్రత్యేకించినవి. నాడే పైలటు జీతము 10,000 రూపాయలనుండి, పనిచేసిన యేండ్లను బట్టి 18,000 మొదలు 28,000 వరకును, ఇ.ఎం.టి. జీతము 12,000 నుండి 20,000 మొదలు 30,000 వరకును హెచ్చించుచున్నట్లు ప్రకటించిరి. ఏండ్లను బట్టి జీతమనుట సరియైన సూత్రము. అనుభవమునకు వెలగట్టుటయే అది. కాని ఆ సూత్రము టెండరు కాగితము మీద గాక చట్టము మీద నిలువవలెను. టెండరుతో వచ్చినది టెండరుతో పోవచ్చును.

ప్రతిపక్షవాదమును వినవలెను. ఈ సేవను ప్రభుత్వశాఖగా నడిపియున్నచో ఇంత వేగము, ఇంత క్రమము అలవడియుండెడివి కావనియు, తొలిదినముల విజయము ప్రైవేటు నిర్వహణ చలవయేననియు కొందరందురు. ఇందు కొంత సత్యము కలదు. పిలుపులందుకొను కేంద్రము, బండ్ల మరమ్మతు, యంత్రముల కొనుగోలు, వీనిని సమర్థులైన వారికి గుత్తకిచ్చినను ఇవ్వవచ్చును. కాని మనుష్యుని నేర్పును గుత్తకిచ్చుట వేరు. పదునైదేండ్లు బండిలో పనిచేసినవాడు సంపాదించిన నేర్పు ప్రజల సొత్తు. కంట్రాక్టు ముగిసిన నాడు అతడు క్రొత్తవానివలె మరల దరఖాస్తు పెట్టుకొనవలసిన యెడల నష్టపోవునది అతడొక్కడే కాదు.

ఈ యన్యాయము మన దేశమునకే ప్రత్యేకమైనది కాదు. అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున పూర్వము రోగులను పోలీసు బండ్లలోను, శవవాహనములలోను తీసికొనిపోవువారు. 1967లో అచ్చటి నల్లవారి పేటలో ఫ్రీడం హౌస్ అను సంస్థ, పీటర్ సఫార్ అను వైద్యుని సాయముతో, కొలువులు దొరకని యువకులను చేర్చుకొని శిక్షణ నిచ్చెను. దారిలోనే చికిత్స చేయు నేటి విద్యకు వారు మార్గదర్శకులైరి. 1975లో నగరపాలకులు ఆ సేవను తమ చేతిలోనికి తీసికొనిరి. దానిని నిర్మించినవారిలో పెక్కుమంది క్రొత్త యేర్పాటులో నిలువలేక తొలగిపోవలసి వచ్చెను. యజమాని ప్రైవేటువాడైనను నగరమైనను, పనివాని నేర్పునకు చట్టరీత్యా గుర్తింపు లేనిచో ఫలితమొకటే యని ఈ చరిత్ర చెప్పుచున్నది.

మన దేశమున ఆ గుర్తింపునకు మార్గమిప్పటికే యున్నది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టము అత్యవసర వైద్యసహాయకుని వృత్తిని తన పట్టికలో పేర్కొన్నది. ప్రతి ఇ.ఎం.టి. పేరును రాష్ట్రపు పట్టికలో నెక్కించి, వాని శిక్షణను అనుభవమును అందు నమోదు చేసినచో, ఏ కంపెనీ వచ్చినను పోయినను అతని సర్వీసు అతనితోనే యుండును. కరోనా కాలమున 2020లో కేంద్రప్రభుత్వము ఆరోగ్యసేవకులకు 50 లక్షల రూపాయల బీమా నేర్పరచినపుడు కంట్రాక్టు, పొరుగుసేవల వారిని గూడ అందు చేర్చెను. చావునకు వెలగట్టునపుడు వారు ఆరోగ్యసేవకులైనచో, బ్రదుకునకు వెలగట్టునపుడు కాకపోవుటకు కారణమేమి?

సేవ యనగనే త్యాగమును బోధించుట మనకు అలవాటు. 1899లో దక్షిణాఫ్రికా యుద్ధమున గాంధీమహాత్ముడు ఇంచుమించు 1,100 మంది భారతీయులతో ఆంబులెన్సు దళము నేర్పరచి క్షతగాత్రులను మోయించెను. మన చీరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు చూపిన క్రమశిక్షణను 1921 విజయవాడ కాంగ్రెసు సమావేశమున దేశనాయకులు చూచిరి. అవి పవిత్రములైన స్మృతులు. కాని ఆ దళములు ఒక యుద్ధమునకు, ఒక యుద్యమమునకు ఏర్పడినవి. ఏటి పొడుగున, పండుగనాడును పున్నమినాడును, అర్ధరాత్రమున నడుపవలసిన సేవ త్యాగము మీద మాత్రమే నడువదు. దినదినము త్యాగము చేయుమని యొకనిని నిర్బంధించుట త్యాగము కాదు, వెట్టి.

కొల్లూరు విషయమున ప్రత్యేకముగా చెప్పవలసినది మరియొకటి కలదు. పెసర్లంక, గాజుల్లంక, పోతార్లంక వంటి లంకగ్రామములకు కృష్ణ పొంగినపుడు దారియే యుండదు. 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరు మొదటి దినములలోను ప్రకాశం బారేజీ వద్ద ప్రవాహము 11 లక్షల క్యూసెక్కులు దాటెను. అరటి, పసుపు, కంద తోటలతోపాటు ఇండ్లును నీట మునిగెను. అట్టి దినములలో 108 బండి గట్టుమీద నిలిచి చూచుచుండవలసినదే. 2018లో గిరిజన ప్రాంతముల కొండదారులకు ప్రభుత్వము ద్విచక్రవాహనములను ఆంబులెన్సులుగా పంపినది. కొండకు ద్విచక్రవాహనము తగినచో లంకకు పడవ తగదా? వరదకాలమైన జూలై మొదలు అక్టోబరు వరకు కొల్లూరు రేవున మోటారు పడవ నొకదానిని, శిక్షణ పొందిన సహాయకునితో, ఉంచవలెను. నెలలు నిండిన గర్భిణులను నీరు రాకమునుపే గట్టు దాటించు ఏర్పాటు పంచాయతీలు చేయవలెను.

ప్రభుత్వమును మాత్రమే నిందించి మనము చేతులు కడుగుకొనరాదు. కోతకాలమున వడ్లను, మొక్కజొన్నలను రోడ్డుమీద సగము మేర ఆరబోయునది మనమే. రాత్రివేళ ఆ కుప్పలకు అడ్డముగా రాళ్లు పెట్టి దీపమైనను ఉంచక పోవునదియు మనమే. ఆ రాళ్ల నడుమనుండి బండి నడుపుచు 20 నిమిషములలో రాలేదని పైలటును నిలదీయుట న్యాయము కాదు. ఆరబెట్టుటకు కళ్లములను సాధించుకొనుడు, రోడ్డును విడువుడు. ఆంబులెన్సుకు దారి యియ్యనివానికి 10,000 రూపాయల జరిమానా గాని, ఆరునెలల వరకు కారాగారము గాని, రెండును గాని విధింపవచ్చునని 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. గాయపడినవానికి సాయపడిన దారినపోవువానిని కేసులలోనికి లాగరాదనియు ఆ సవరణలోనే యున్నది. కనుక భయపడి తొలగిపోనక్కరలేదు. ఫోను చేసినపుడు ఊరి గుర్తు సరిగా చెప్పుడు. లాంతరో టార్చిదీపమో యిచ్చి యొక మనిషిని రోడ్డుమీద నిలుపుడు. వేళాకోళమునకు చేసిన యొక్క పిలుపు వేరొక యింటి దీపమును ఆర్పవచ్చును.

మేము కోరునవి నాలుగే. ఎనిమిది గంటల వంతు, చట్టబద్ధమైన వృత్తిపట్టిక, యజమాని మారినను తెగని సర్వీసు, లంకలకు పడవ. ఇవి దయాధర్మములు కావు, ప్రాణరక్షణకు కావలసిన పనిముట్లు. బండికి చక్రములెంత యవసరమో లోపలి యిద్దరికి నిద్రయు నిలుకడయు అంత యవసరము. తదుపరి టెండరు ప్రకటన వెలువడునపుడు బండ్ల లెక్కతోపాటు ఈ నాలుగింటి లెక్కను గూడ మన శాసనసభ్యులు అడుగవలెను. వారు అడుగనిచో మనము వారిని అడుగవలెను.