ప్రాచ్య కళాశాలలలో ఆంగ్లపాఠము – ఆవృత్తి యావశ్యకత

మన ప్రాచ్య కళాశాలలలో ఆంగ్లము బోధించువారిలో ఒక భావము స్థిరపడియున్నది. పఠనము, వాక్యనిర్మాణము, లేఖనము అను మొదటి మెట్లు ఉన్నత పాఠశాలలోనే ముగిసినవనియు, పట్టభద్ర తరగతిలో వానిని మరల ఎత్తుకొనుట స్థాయికి తగదనియు వారు తలచుచున్నారు. విద్యార్థి గైడును కంఠస్థము చేసి ఉత్తీర్ణుడగుచున్నాడు. పరిశోధనకు వచ్చిన పిమ్మట తెలియును అసలు లోపము. భాండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థవారి మహాభారత సంశోధిత ప్రతిలో, 1933 నాటి ఆదిపర్వమునకు సుక్తంకర్ పండితుడు వ్రాసిన ఉపోద్ఘాతము ఆంగ్లమున నున్నది. మద్రాసు విశ్వవిద్యాలయము 1949లో ప్రకటింప నారంభించిన న్యూ కేటలాగస్ కేటలాగోరమ్ వివరణలును ఆంగ్లముననే. తాళపత్రమును తడబడక చదువగల యువకుడు, ఆ గ్రంథపు ప్రతులు ఎచటెచట నున్నవో తెలుపు సూచిక ముందు నిస్సహాయుడై నిలుచుట మనకు తగునా?

ఆవృత్తి మనకు చిన్నతనము కాదు. సంత చెప్పుటయే మన పద్ధతి. అష్టాధ్యాయిలో అనువృత్తి లేనిదే సూత్రార్థమే పొసగదు. వెనుకటి పదము స్ఫురణలో నున్నవానికే ముందరి సూత్రము తెలియును. ఈ సంస్కారము గల విద్యార్థికి ఆంగ్లమును అతని శాస్త్రము ద్వారమున చెప్పుట సులభము.

ఎ, ఏన్ అను ఉపపదముల సంగతి చూడుడు. నఞ్‌సమాసమున హల్లు పరమైనచో అధర్మము, అచ్చు పరమైనచో నుడాగమము వచ్చి అనంతము. అర్థము వేరైనను రూపవ్యవస్థ అదియే: ఎ బుక్, ఏన్ ఆరెంజ్. ఇది ధ్వనినిబట్టియే కాని లిపినిబట్టి కాదు. యూనివర్సిటీ పదము వ్రాతలో అచ్చుతో మొదలైనను పలుకున యకారాది గనుక ‘ఎ’. అవర్ పదము వ్రాతలో హల్లుతో మొదలైనను పలుకున అజాది గనుక ‘ఏన్’. మనవారి నోట ఎగ్ అనునది ‘యెగ్గు’ అగుచున్నది గనుక ‘ఎ యెగ్గు’ అనుచున్నారు! వారు నియమమును తప్పలేదు, ఉచ్చారణమును తప్పినారు. దిద్దవలసినది ఏదియో గురువు గుర్తింపవలెను.

పఠతి, పఠతః, పఠంతి అని తొమ్మిది రూపములు నాలుకపై నున్నవాడు, వర్తమానమున ఒక్కచోట వచ్చు సకారమును వదలుచున్నాడు. కారణము సంజ్ఞల చిక్కు. మన ప్రథమపురుష వారికి థర్డ్ పర్సన్; మన ఉత్తమపురుష వారికి ఫస్ట్ పర్సన్. లెక్క తలక్రిందులని మొదటిదినముననే చెప్పినచో సగము గందరగోళము తీరును. ఈ మాట చెప్పు పాఠ్యపుస్తకము నా కంటబడలేదు.

పఠనము విషయమున మాత్రము ఆలస్యము సహింపవలెను. పాణినీయశిక్ష లెక్కించిన ఆరుగురు అధమపాఠకులలో శీఘ్రపాఠకుడును, అర్థమెరుగనివాడును కలరు; మన తరగతిలో ఇరువురును ఒక్కడే. అతనికి ఖండాన్వయము నేర్పవలెను. శ్లోకమున వలెనే ముందు క్రియను పట్టి, కర్త యెవరు, కర్మ యేది, ఎట్టిది, ఎప్పుడు అని ఆకాంక్షలు లేపుచు పోయినచో నాలుగు పంక్తుల ఆంగ్లవాక్యమైనను విడిపోవును. భేద మొకటి కలదు. ‘రామో రావణం హంతి’ అన్నను, ‘రావణం రామో హంతి’ అన్నను చంపినవాడు రాముడే. ఆంగ్లమున కర్తృకర్మ పదములు స్థానము మారినచో రావణుడే హంత యగును; విభక్తి చేయు పనిని అచట స్థానము చేయుచున్నది.

లేఖనమునకు దినమునకు పది పంక్తుల డిక్టేషను, దిద్దినదానిని మరల వ్రాయించుట చాలును.

ఏటి ఆరంభమున ఆరు వారములు ఇందుకు కేటాయింపుడన్నచో, పాఠ్యప్రణాళిక ముగియదని ఆక్షేపణ వచ్చును. ముగిసిన ప్రణాళిక యేమి సాధించినదో పైన చెప్పితిని. పాఠ్యసంఘములవారు ప్రశ్నపత్రమున అపఠిత గద్యభాగమునకు సగము మార్కులు కేటాయించిననాడు, గైడు విద్యార్థి చేతినుండి దానంతట అదియే జారును.