లాగేది కుక్కా? మనమా?

ఈ సంచికలో నిరుద్యోగం గూర్చీ, పరీక్షల పద్ధతి గూర్చీ మిత్రులు రాస్తుంటే నేనొక కుక్కపిల్లను పట్టుకొచ్చానని నవ్వకండి. పొద్దున్నే మా హాస్టలు ముందు రోడ్డుమీద చూడండి. ముందు కుక్క, వెనక బిగిసిన తాడు, ఆ వెనక పడుతూ లేస్తూ యజమాని. కాసేపటికి ఆయనకు విసుగు పుట్టి ఒక్క గుంజు గుంజుతాడు. మెడపట్టీ కింద ఉన్నది శ్వాసనాళం, కుక్క దగ్గుతుంది. మళ్ళీ లాగుతుంది. తప్పెవరిది? నన్నడిగితే ఆ పెద్దమనిషిదే అంటాను.

అదే తప్పు నేనూ చేశాను కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను. పోయిన వేసవిలో మా ఇంటికి నాలుగు నెలల పిల్ల ఒకటి వచ్చింది. తాడు కట్టి పొలానికి తీసికెళితే ఒకటే లాగుడు. గుంజాను, అరిచాను, ఒకసారి కొట్టాను కూడా. వారం తిరిగేసరికి తాడు చూస్తేనే మంచం కిందికి దూరేది. ఇక దాన్ని గొలుసేసి పాకలో కట్టెయ్యమన్నాడు మా నాన్న. కట్టేశాం. పగలంతా ఆ రాట చుట్టూ తిరిగేదాన్ని చూస్తే నాకు అన్నం సయించలేదు.

థార్న్‌డైక్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1898లో పిల్లులను పెట్టెల్లో పెట్టి చేసిన ప్రయోగాలు అప్పుడు గుర్తొచ్చాయి. ఏ పని చేస్తే మేలు జరుగుతుందో ఆ పనినే జంతువు మళ్ళీ చేస్తుందని ఆయన తేల్చాడు. మా పిల్ల లాగింది. లాగగానే తాను కోరిన చెట్టు దగ్గరికి చేరింది. అంటే లాగమని పాఠం చెప్పింది నేనే!

మర్నాటినుంచి పద్ధతి మార్చాను. ఆరడుగుల తాడు. అది బిగిసిందా, స్తంభంలా నిలబడిపోవడం. గుంజకూడదు, తిట్టకూడదు. పిల్ల వెనక్కి తిరిగి చూసి తాడు వదులైన క్షణంలో "సెబాసు" అని నడక. నా కాలి పక్కకొస్తే ఒక రొట్టెముక్క. మొదటిరోజు వాకిట్లోంచి వీధి మొగకు పోవడానికి పావుగంట పట్టింది. అరుగుమీది పెద్దలు నా చదువు గూర్చి ఏమనుకున్నారో ఇక్కడ రాయను. తర్వాత మాత్రం పూటకు పది నిమిషాలు, ఎండెక్కకముందే ముగించేవాణ్ణి.

అసలు చిక్కు మా తమ్ముడితో వచ్చింది. సాయంత్రం వాడు దాన్ని ఇష్టమొచ్చినట్టు లాగనిచ్చేవాడు. ఎప్పుడో ఒకసారి ఫలించే అలవాటు ప్రతిసారీ ఫలించేదానికన్నా మొండిదట, ఓ పట్టాన వదలదు. వాణ్ణి దారికి తేవడం కుక్కకన్నా కష్టమైంది.

"కోడెను ముకుతాడేసే కదా లొంగదీస్తాం" అని మా నాన్న వాదన. నిజమే. కాని నా చిన్నప్పుడు ఆయనే కొత్త కోడెను పాత ఎద్దు పక్కన కాడికి కట్టేవాడు. పగ్గం చేతిలో వదులుగానే ఉండేది. నడిపించింది ఆయన అదిలింపు. ఆ సంగతి గుర్తుచేస్తే నవ్వి ఊరుకున్నాడు.

గొలుసు సంగతి మాత్రం నవ్వి ఊరుకునేది కాదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి అన్యాయంగా కట్టి ఉంచడమూ, అలవాటుగా కట్టేసి ఉంచే కుక్కను యజమాని తగినంత తిప్పకపోవడమూ నేరాలే. లాగుతుందని కట్టేస్తాం. కట్టేసినకొద్దీ, విప్పినప్పుడు ఇంకా లాగుతుంది. అప్పుడు "చూశారా, దీని బుద్ధే అంత" అంటాం.

సెలవులకు వెళ్ళినప్పుడు ఇప్పుడు మేమిద్దరం చెరువుకట్టదాకా నడుస్తాం. పిల్లి కనబడితే మాత్రం తాడు ఇంకా బిగుస్తూనే ఉంది. అది తిరిగి చూసేదాకా నిలబడతాను.