సంపాదకు డెవడు?

ఎన్నికల దినములలో నా తరగతి బాలు డొకడు వార్తాపత్రిక నొకదానిని తెచ్చి నా బల్లపై పరచెను. ఒకే పుటలో, ఒకే విధమగు అక్షరములతో రెండు వార్తలు. మొదటిదానిలో ఒక అభ్యర్థికి విజయము తథ్యము. రెండవదానిలో వాని ప్రత్యర్థికి తథ్యము. "అయ్యా, వీనిలో ఏది నిజము?" అని బాలు డడిగెను. రెండును అమ్ముడుపోయిన వ్రాతలేయని చెప్పుటకు నాకు సిగ్గు కలిగెను.

సంస్కృతమున సంపాదకు డనగా కార్యమును చక్కగా నెరవేర్చువాడు. తెలుగున సంపాదన యనగా ధనార్జనము. మన పత్రికలు కొన్ని మొదటి యర్థమును విడిచి రెండవదానినే పట్టుకొన్నవి.

విలేఖరి చూచి, విచారించి, సాక్ష్యముతో వ్రాసినది వార్త. కారణములు చూపి వాదించునది అభిప్రాయము. వెల యిచ్చి యొకడు తన మాటలను అచ్చు వేయించుకొనునది ప్రకటన. ప్రకటన వేయుట దోషము కాదు. కాగితము కొనవలెను, జీతము లియ్యవలెను. ప్రకటనకు వార్త వేషము వేయుటయే దోషము. వర్తకుని మాటను మనము వర్తకుని మాటగానే తూచుకొందుము. అదే మాట వార్తయై వచ్చినప్పుడు త్రాసు ప్రక్కన బెట్టి నమ్ముదుము. ఆ నమ్మకమునే వారు విక్రయించుచున్నారు.

పత్రికలో ప్రకటింపబడు విషయముల యెంపిక యెవని యధీనమో వాడే సంపాదకుడని 1867 నాటి ముద్రణ చట్టమున చేరి, 2024లో ఆ చట్టము తొలగువరకు నిలిచిన నిర్వచనము. అట్లయిన, "ఈ పుట అమ్ముడుపోయినది" అని ప్రకటనల శాఖవారు ఆజ్ఞాపించినపుడు సంపాదకు డెవడు? పేరు ఒకనిది, అధికారము వేరొకనిది. పత్రికలోని మొదటి యసత్యము సంపాదకుని పేరు అచ్చైన పంక్తియందే యున్నది.

ఇది నా యూహ కాదు. 2009 ఎన్నికలలో వెల పుచ్చుకొని వ్రాసిన వార్తలను విచారించుటకు భారత ప్రెస్ కౌన్సిలు ఇద్దరు సభ్యుల ఉపసంఘమును నియమించెను. 2010లో ఆ సంఘము పేర్లతో సహా నివేదిక నిచ్చినను, కౌన్సిలు దానిని కుదించి ప్రచురించెను. పూర్తి నివేదిక 2011లో కేంద్ర సమాచార సంఘము ఆజ్ఞాపించిన పిదపగాని వెలువడలేదు. కౌన్సిలు మందలింపగలదు, దండింపలేదు. కంచెయే చేను మేయుచుండగా మందలింపు ఏపాటి?

పల్లెపట్టుల విలేఖరి దుస్థితి మరియు ఘోరము. పెక్కు చోట్ల వానికి జీతము లేదు. అచ్చైన వ్రాత కొలతనుబట్టి స్వల్ప ప్రతిఫలము మాత్రమే. పైగా పండుగకు ఇన్ని ప్రకటనలు తేవలెనని నిర్బంధము. కంట్రాక్టరు నింటికి పోయి ప్రకటన యాచించినవాడు, వాని వంతెన బీటలు వారినదని మరునాడు వ్రాయగలడా? వ్రాయడు. వంతెన కూలిన పిదప మాత్రము అందరితోబాటు వ్రాయును.

కందుకూరి వీరేశలింగము 1874లో వివేకవర్ధనిని స్థాపించి, లంచగొండులైన అధికారులను, వకీళ్లను ఎండగట్టెను. వారి ప్రకటనలపై బ్రదుకు పత్రికయే యైనచో ఆ కలము కదలియుండునా?

"పత్రిక బ్రదుకవలదా?" అని యజమానులందురు. బ్రదుకవలయును. ప్రకటనపై ప్రకటనయని వ్రాసి బ్రదుకుడు. విలేఖరిని వసూళ్లకు పంపక బ్రదుకుడు. అంత మాత్రమున నశించు పత్రిక నశించినను దేశమునకు నష్టము లేదు.

చదువరులారా, మనమును నిర్దోషులము కాము. కాగితపు ఖరీదైన రాని వెలకు పత్రికను కొని, తక్కిన ఖర్చు ఎవరు భరించుచున్నారని ఏనా డడిగితిమి? ఇకనైన అడుగుడు. అనుమానాస్పదమైన వార్త కనబడినపుడు సంపాదకుని పేరు చూచి, "ఇది మీ యెంపికయేనా?" అని ఒక్క యుత్తరము వ్రాయుడు. ఇట్టి యుత్తరములు నూరు చేరినచో ఆ కుర్చీలో నిజముగా ఎవడు కూర్చున్నాడో తేలును.