గ్యాస్ బిళ్ల అమ్మను, ఈసీజీ తీయించుకోండి

మాది మెయిన్ రోడ్డు మీద మందుల షాపు. రాత్రి భోజనాలయ్యాక ఎవరో ఒకరు ఛాతీ రుద్దుకుంటూ వచ్చి "గ్యాస్ పట్టేసింది, ఒక బిళ్ల ఇవ్వన్నా" అంటారు. 40 దాటిన మనిషి, చెమటలు పోస్తూ, ఎడమ చెయ్యి లాగుతోందంటే నేను బిళ్ల ఇవ్వను. అది గుండెపోటు కావచ్చని ఆస్పత్రికి పంపిస్తాను. బేరం పోయిందని మా తమ్ముడు గొణుగుతాడు, గొణగనీ.

గుండె గదుల నిండా రక్తమే. అయినా ఆ కండరం దాన్ని నేరుగా వాడుకోలేదు. బృహద్ధమని మొదట్లోనే చీలే రెండు కరోనరీ ధమనులు తెచ్చిపెట్టేదే దానికి తిండి. వాటి గోడల్లో ఏళ్ల తరబడి పేరుకున్న కొవ్వు ఒకరోజు చిట్లుతుంది, దానిమీద రక్తం గడ్డకడుతుంది, దారి మూసుకుపోతుంది. కాసేపటికే కండరం చావడం మొదలవుతుంది. చచ్చిన చోట మచ్చే మిగులుతుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ 12 గంటల్లోపు ఇవ్వొచ్చు. కానీ మొదటి గంటల్లో అది చేసే మేలే వేరు. ఆ గంటల్నే మనం సోడాకీ, జీలకర్ర నీళ్లకీ ధారపోస్తున్నాం.

షుగరున్నవాళ్లకు, ఆడవాళ్లకు ఒక్కోసారి నొప్పే ఉండదు. ఆయాసం, వాంతి, నీరసం, అంతే. "పనెక్కువై అలసిపోయిందిలే" అని ఇంట్లో తేల్చేస్తారు. నాకు అన్నిటికన్నా ఒళ్లు మండే మాట ఇదే.

ఆస్పత్రిలో అడుగుపెట్టిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది వైద్యుల నియమం. మొదటిది మామూలుగా వచ్చినా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయాలి, రక్తంలో ట్రోపోనిన్ పరీక్షా చేయాలి. మీ ఊరి పీహెచ్‌సీలో రాత్రిపూట ఆ మిషనూ, దాన్ని వాడే మనిషీ ఉన్నారో లేదో అడగండి. ఛాతీలో బరువనిపిస్తే 108కి ఫోన్ చేయండి, బండి మీరే నడుపుకుంటూ వెళ్లకండి.