జర్మనీకి ఏమైంది? పాత మందు ఈసారి పనిచేస్తుందా?

యూరప్‌లో అతిపెద్ద ఆర్థిక వ్యవస్థ జర్మనీది. 2023లో అది కుంచించుకుపోయింది, 2024లోనూ అదే కథ. 2025 ఆగస్టులో నిరుద్యోగుల సంఖ్య పదేళ్ల తర్వాత మళ్లీ 30 లక్షలు దాటింది. ఫోక్స్‌వ్యాగన్ 2030 నాటికి జర్మనీలో 35 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గించుకునేలా 2024 డిసెంబర్‌లో యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. కార్ల విడిభాగాలు చేసే బాష్, జెడ్ఎఫ్ కూడా వేల సంఖ్యలో కోతలు ప్రకటించాయి. ఈ రెండు కంపెనీలకూ హైదరాబాద్‌లో టెక్నాలజీ సెంటర్లు ఉన్నాయి.

ఎక్కడో యూరప్ గొడవ మనకెందుకు అని వదిలేయలేం. జర్మనీలో చదివే విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు భారతీయులదే మొదటి స్థానం. 2023-24లోనే వాళ్లు దాదాపు 50 వేల మంది. బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు, అంటే సుమారు 12 లక్షల రూపాయలు చూపించడానికి అప్పు చేసే కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి. ఆ అప్పు తీరేది అక్కడ దొరికే ఉద్యోగంతోనే.

జర్మనీకి సంస్కరణలు కావాలని అక్కడ అన్ని పార్టీలూ అంటున్నాయి. ఏ సంస్కరణ, దాని భారం ఎవరిమీద అన్న దగ్గరే అసలు తగాదా.

2003లో ఏం చేశారు?

జర్మనీకి ఈ పరిస్థితి కొత్త కాదు. 1999లోనే ఎకనామిస్ట్ పత్రిక ఆ దేశాన్ని యూరో ప్రాంతపు రోగి అని పిలిచింది. 2005 మొదట్లో నిరుద్యోగులు 50 లక్షలు దాటారు. అప్పటి ఛాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్ 2003 మార్చిలో 'అజెండా 2010' ప్రకటించారు. ఫోక్స్‌వ్యాగన్‌లో ఉద్యోగుల వ్యవహారాలు చూసే పీటర్ హార్ట్జ్ నేతృత్వంలోని కమిటీ ఇచ్చిన సూచనలు అందులో కీలకం. నిరుద్యోగ భృతి గరిష్ఠంగా 32 నెలల దాకా వచ్చేది, చాలామందికి దాన్ని 12 నెలలకు కుదించారు. చిన్న జీతాల పార్ట్‌టైమ్ ఉద్యోగాలకు తలుపులు తెరిచారు.

తర్వాతి పదేళ్లలో నిరుద్యోగం బాగా తగ్గింది. ఎగుమతులు పెరిగాయి. కానీ ఆ ఘనతంతా సంస్కరణలకే ఇవ్వలేం. అదే సమయంలో చైనా ఫ్యాక్టరీలు కట్టుకుంటూ జర్మన్ యంత్రాలు, కార్లు కొంటోంది. రష్యా నుంచి చవగ్గా గ్యాస్ వస్తోంది. యూరో వల్ల కరెన్సీ విలువ మరీ పెరిగిపోయే భయం లేదు. మరోవైపు దాదాపు అయిదో వంతు ఉద్యోగులు తక్కువ జీతాల పనుల్లో మిగిలిపోయారు. దేశమంతటికీ కనీస వేతనం 2015లో గానీ రాలేదు. ష్రోడర్ కూడా 2005 ఎన్నికల తర్వాత పదవి పోగొట్టుకున్నారు.

ఈసారి జబ్బు వేరు

అప్పటి సమస్య ఉద్యోగాలు లేకపోవడం. ఇప్పుడు మూడు వేర్వేరు దెబ్బలు ఒకేసారి తగిలాయి.

ఒకటి ఇంధనం. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు జర్మనీ దిగుమతి చేసుకునే గ్యాస్‌లో సగానికి పైగా రష్యాదే. 2022లో అది ఆగిపోయింది. రసాయన కంపెనీలకు గ్యాస్ ఇంధనం మాత్రమే కాదు, ముడిసరుకు కూడా. లుడ్విగ్స్‌హాఫెన్‌లో ఒక అమ్మోనియా ప్లాంటును మూసేసిన బీఏఎస్ఎఫ్, చైనాలోని ఝాంజియాంగ్‌లో దాదాపు 870 కోట్ల యూరోల ప్రాజెక్టు చేపట్టింది. పెట్టుబడి ఏ దిక్కుకు పోతోందో దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండోది చైనా. నిన్నటి కస్టమరే ఇవాళ పోటీదారు అయ్యాడు. ఎలక్ట్రిక్ కార్లలో బీవైడీ లాంటి కంపెనీలు చైనా మార్కెట్‌లోనే జర్మన్ బ్రాండ్లను వెనక్కి నెట్టాయి.

మూడోది ఇంట్లో పెట్టుబడి పెట్టకపోవడం. 2009లో రాజ్యాంగంలోనే అప్పులపై పరిమితి రాసుకున్నారు. కేంద్ర ప్రభుత్వ లోటు మామూలు రోజుల్లో జీడీపీలో 0.35 శాతం దాటకూడదు. పుస్తకాల్లో లెక్క బాగుంది, ఆస్తులు మాత్రం అరిగిపోయాయి. 2024 సెప్టెంబర్‌లో డ్రెస్డెన్‌లో కరోలా వంతెన కొంత భాగం నదిలో కూలింది. ఆ ఏడాది దూరప్రాంత రైళ్లలో మూడింట ఒక వంతుకు పైగా టైముకు రాలేదు. కామర్స్ భాషలో చెప్పాలంటే, డిప్రిసియేషన్ జరుగుతున్నా దానికి తగ్గట్టు కొత్త ఆస్తి సమకూర్చుకోలేదు.

ఈ మూడింట్లో ఏదీ కార్మికుడు బద్ధకించడం వల్ల వచ్చింది కాదు. కాబట్టి భృతి నిబంధనలు మళ్లీ బిగిస్తే కొంత బడ్జెట్ మిగలొచ్చేమో గానీ గ్యాస్ చవక కాదు, వంతెన నిలబడదు. అయినా ఫ్రీడ్రిష్ మెర్జ్ ప్రభుత్వం ఆ పని కూడా ఎజెండాలో పెట్టుకుంది.

అదే ప్రభుత్వం వేసిన మరో అడుగు మాత్రం రోగానికి తగినదే. 2025 మార్చిలో, మెర్జ్ ఛాన్సలర్ కాకముందే, ఆయన పార్టీ మద్దతుతో రాజ్యాంగ సవరణ జరిగింది. రోడ్లు, రైళ్లు, ఇతర మౌలిక సదుపాయాలకు 12 ఏళ్లలో 50 వేల కోట్ల యూరోల ప్రత్యేక నిధి వచ్చింది. యంత్రాలు కొనే కంపెనీలకు మూడేళ్లపాటు ఏటా 30 శాతం దాకా డిప్రిసియేషన్ చూపించుకునే వీలిచ్చారు. 2028 నుంచి కార్పొరేట్ పన్నును ఏటా ఒక శాతం చొప్పున 15 నుంచి 10కి దించుతారు. మామూలు బడ్జెట్‌లో పెట్టాల్సిన ఖర్చులనే ఈ నిధి కిందకు తోస్తున్నారన్న విమర్శ ఇప్పటికే ఉంది. అదే నిజమైతే అప్పు పెరుగుతుంది, వంతెనలు మాత్రం అలాగే ఉంటాయి.

పిలుపూ వాళ్లదే, నిందా వాళ్లదే

డబ్బు ఉన్నా పనిచేసే మనుషులు కావాలి. యుద్ధం తర్వాత పుట్టిన పెద్ద తరం ఇప్పుడు రిటైర్ అవుతోంది. అందుకే 2024లో భారతీయ నిపుణులకు ఇచ్చే వీసాలను ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని జర్మనీ ప్రకటించింది. 1961లో టర్కీతో చేసుకున్న ఒప్పందంతో లక్షలాది కార్మికులు ఇలాగే వెళ్లారు. వాళ్లని 'అతిథి కార్మికులు' అన్నారు. 1973లో ఆర్థిక ఇబ్బందులు రాగానే కొత్తవాళ్లను పిలవడం ఆపేశారు. అక్కడే స్థిరపడిన కుటుంబాలకు పౌరసత్వం మాత్రం దశాబ్దాలపాటు అందని పండే అయింది.

ఇప్పుడూ ఆ రెండు మాటలూ కలిసే వినిపిస్తున్నాయి. ముస్లింలకు, వలసలకు వ్యతిరేకంగా మాట్లాడే ఏఎఫ్‌డీ పార్టీ 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో 20.8 శాతం ఓట్లతో రెండో స్థానానికి వచ్చింది. ఫ్యాక్టరీ మూతపడిన ఊళ్లో కోపం గ్యాస్ ధర మీదకు కాకుండా పక్కింటి వలసదారు మీదకు మళ్లడం సులువు. సంస్కరణ భారం మళ్లీ కింది వాళ్లమీదే పడితే ఈ కోపం ఇంకా పెరుగుతుంది.

పిల్లల్ని పంపాలనుకునే తల్లిదండ్రులు దేశం పేరు ఒక్కటే చూడకండి, కోర్సు చూడండి. కార్ల ఇంజిన్ల చుట్టూ తిరిగే మెకానికల్ ఉద్యోగాలు ఇప్పుడు ఒత్తిడిలో ఉన్నాయి. నర్సింగ్, వృద్ధుల సంరక్షణ, రైల్వే, విద్యుత్ పనుల్లో మాత్రం మనుషుల కొరత ఉంది. అక్కడ జర్మన్ భాష రాకపోతే ఇంగ్లిష్‌లో చేసిన ఎమ్మెస్ ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. అప్పు తీసుకునే ముందే పిల్లల్ని భాషా క్లాసులో చేర్పించడం మంచిది.